సరస్సు ఊళ్ళో ఖాళీ ఇళ్ళు

ఆ ఇంట్లో నా ఉద్యోగం పుస్తకం చదివి వినిపించడం. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

మస్కట్‌లో, ఘుబ్రా అనే పేటలో మేముండే చోటికి రెండు వీధుల అవతల, మూడో అంతస్తులో ఒక గ్రీకు ఇంజనీరు ఉండేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. స్వదేశంలో తల్లిని కనిపెట్టుకుని ఉన్న పిన్ని చనిపోవడంతో ఆవిడను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆవిడకు తొంభై ఏళ్ళు. స్నానం, వంట చూసే మనిషి పొద్దున్నే వచ్చి పదింటికి వెళ్ళిపోయేది. పదింటి నుంచి నాలుగింటి దాకా ఎవరో ఒకరు పక్కన ఉండాలి. నేను నిజామాబాదులో ఎనిమిదేళ్ళు సోషల్ టీచరుగా చేసి, మా ఆయన ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి ఖాళీగా ఉన్నాను. ఆయన కంపెనీలో ఎవరో చెబితే వెళ్ళాను.

ఇంజనీరు నన్ను పెద్దగా ఏమీ అడగలేదు. ఒక పల్చటి ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెట్టాడు. పర్యాటకుల కోసం అచ్చువేసిన వాళ్ళ ఊరి చరిత్ర. అట్ట మీద సరస్సు, దాని ఒడ్డున ఎర్ర పెంకుల ఇళ్ళు.

"అమ్మకు అక్షరాలు ఆనడం లేదు. రోజూ ఇది చదవండి. వింటున్నంతసేపూ నిమ్మళంగా ఉంటుంది. లేకపోతే తలుపు తీసుకుని బయటికి పోతుంది."

"ఎక్కడికి?"

"ఇంటికి," అన్నాడు.

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. సన్నటి మనిషి, నల్ల గౌను. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనంత పెద్దవి. యవ్వనంలో చాలా ఏళ్ళు న్యూయార్కులో బొచ్చు కోట్లు కుట్టే కార్ఖానాలో పనిచేసిందట. అందుకని ఇంగ్లీషు ధారాళంగా వచ్చు. తనను యాయా అని పిలవమంది. వాళ్ళ భాషలో నాయనమ్మ.

వాళ్ళ ఊరు కస్తోరియా. ఉత్తర గ్రీసులో కొండల మధ్య ఒక సరస్సు, సరస్సులోకి నాలుకలా చొచ్చుకుపోయిన నేల, దాని మీద ఊరు. మూడు వైపులా నీళ్ళే. మొదటి రోజు మొదటి పేజీ చదివాను. ఏడువేల ఏళ్ళ కిందట ఆ సరస్సు ఒడ్డున మనుషులు నీళ్ళలో కొయ్య గుంజలు పాతి, వాటి మీద గుడిసెలు వేసుకుని బతికారు. చేపలు పట్టారు, గోధుమలు పండించారు. ఎముకతో పిల్లంగోవి చేసుకున్నారు. ఒక చెక్క పలక మీద ఏవో గీతలు గీశారు. ఆ గీతలు ఏమంటున్నాయో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు.

"ఎలా బయటపడ్డాయో రాశారా?" అని అడిగింది.

"ఒక సంవత్సరం వానల్లేక సరస్సు తగ్గిందట. గుంజలు పైకి తేలాయట."

"తేలలేదు. అవి అక్కడే నిలబడి ఉన్నాయి. నీళ్ళు పక్కకు జరిగాయి, అంతే." చేయి అడ్డంగా ఊపింది. "అప్పటికి నేను పుట్టలేదు. మా నాన్న చూశాడు. బురదలో నల్లగా, వరసలు వరసలుగా నిలబడ్డాయట, జనం నిలబడినట్టు. నీళ్ళ కింద ఇంకో ఊరుందని తెలిశాక మా అమ్మ ఆ వైపు బట్టలు ఉతకడం మానేసింది."

అలా మొదలైంది. నేను చదవడం, ఆవిడ దిద్దడం. పుస్తకంలో ఒక పేజీ ఉంటే ఆవిడ దగ్గర పది పేజీలుండేవి. బళ్ళో ఏళ్ళ తరబడి చరిత్ర చెప్పినదాన్ని, ఆ కుర్చీ పక్కన విద్యార్థినిలా కూర్చున్నాను.

రోమన్లు వచ్చి ఊరు పట్టుకున్నారని పుస్తకం అంటే, వాళ్ళకంటే ముందు ఆ కొండల్లో ఉన్న తెగలేమయ్యాయో దాన్నే అడగమనేది. ఒక చక్రవర్తి నేల సన్నగా ఉన్న చోట అడ్డంగా గోడ కట్టించి ఊరిని తిరిగి నిలబెట్టాడంటే, ఆ గోడ రాళ్ళలో నాలుగు తమ మేక కొట్టంలో ఉండేవని చెప్పేది. తరువాత బల్గేరియా రాజులు. వాళ్ళ తరువాత పడమటి నుంచి వచ్చి ఊరు పట్టుకున్న నార్మన్ సైన్యం. ఆ కథ ఆవిడకు ఇష్టం. ఎదురుగా గోడ దగ్గర యుద్ధం జరుగుతుండగా, ఊరిని విడిపించడానికి వచ్చిన గ్రీకు చక్రవర్తి మనుషులు పడవలెక్కి వెనకనుంచి సరస్సు దాటి వచ్చారు. ఊరు లొంగిపోయింది.

"మా ఊళ్ళో ఎవరైనా వెనకనుంచే వస్తారు," అంది ఒకసారి. "అందుకే మా ఇళ్ళకు సరస్సు వైపు వాకిలి పెట్టరు."

వీధికొక చర్చి. ఒక్కొక్కటి మన గదంత ఉంటుందట. గోడల నిండా పునీతుల బొమ్మలు. ఆ బొమ్మల కళ్ళు చాలాచోట్ల గీకేసి ఉంటాయి. పరాయి సైనికులు గీకారని పుస్తకంలో ఉంది. యాయా ఒప్పుకోలేదు. కంటిజబ్బులకు మందని ఆ రంగుపొడి తమ ఊరి ముసలమ్మలే గీకి తీసుకెళ్ళేవాళ్ళంది.

తరువాత తురకల రాజ్యం, ఐదు వందల ఏళ్ళు. ఆ రోజు డ్రైవర్ భాయ్ కూడా గదిలో ఉన్నాడు. ఇంజనీరు కారు నడిపేది ఆయనే. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, యాభై దాటాయి. ఎండ వేళ కాసేపు లోపల కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళేవాడు.

"మసీదులున్నయా అక్కడ? జర అడుగుండ్రి బెహన్," అన్నాడు.

అడిగాను.

"ఒకటి మిగిలింది," అంది యాయా. "సీసం రేకుల గుమ్మటం. తాళం వేసి ఉంటుంది. నేను పుట్టక ముందే మా దేశం, తురకల దేశం ఒప్పందం చేసుకున్నాయి. మా ముస్లింలు అటు వెళ్ళారు, అక్కడి క్రైస్తవులు ఇటు వచ్చారు. వచ్చినవాళ్ళు వెళ్ళినవాళ్ళ ఇళ్ళలోకి దిగారు. పొయ్యిలో ఇంకా బూడిద ఉందట."

భాయ్ గ్లాసు కింద పెట్టి, "అర్రే," అన్నాడు.

మూడో నెలలో అనుకుంటాను, ఆవిడ చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయని గమనించి, దర్జీ షాపు నుంచి గుడ్డపీలికలు తెచ్చి ఇచ్చాను. వాళ్ళ ఊరికి వందల ఏళ్ళుగా తిండి పెట్టింది అదే పని. దేశదేశాల దర్జీలు పారేసిన బొచ్చు తోలు ముక్కలు మూటలుగా తెప్పించుకుని, వేలెడంత ముక్కను వేలెడంత ముక్కతో కలిపి కోట్లు కుట్టేవాళ్ళు. యాయా చూడకుండా కుట్టేది. వేలికొనలతో అంచులు కలిపి, వెనక వైపు నుంచి, దగ్గర దగ్గరగా. తిరగేసి నిమిరితే అతుకు ఎక్కడుందో నా చేతికి తగిలేది కాదు.

"అతుకు కనిపించకూడదు," అనేది. "కనిపిస్తే ఇది ఎవరిదో, అది ఎవరిదో అని అడుగుతారు."

అప్పుడే ఇంకో సంగతి మొదలైంది. మధ్యాహ్నం మూడు కాగానే కుట్టడం ఆపేసేది. తల తలుపు వైపు తిప్పి వినేది. రెండో కుర్చీ దగ్గరికి జరపమనేది. నేను కాఫీ పోసుకుంటే మరో కప్పు కూడా పెట్టమనేది. అదెవరికని అడిగితే, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసేది.

ఒకరోజు నా వెనక గోడ వైపు చూస్తూ, "తుడుచుకోమను. జుట్టంతా తడిగా ఉంది," అంది.

వెనక్కి తిరిగాను. గోడ, దాని మీద ఏసీ. వయసు మీద పడితే ఇలాంటివి మామూలేనని నాకు తెలుసు. మా నాయనమ్మ కూడా ఆఖర్లో లేనివాళ్ళతో మాట్లాడింది. అయినా ఆ క్షణాన తడిసిన ఉన్ని వాసన వచ్చింది. కస్తోరియా చలికాలంలో సరస్సు గడ్డకడుతుందని, పిల్లలు ఉన్ని మేజోళ్ళతో దాని మీద జారుతారని ఆ పొద్దునే చదివాను. వాసన అందులోంచే వచ్చిందేమో. బయట నలభై మూడు డిగ్రీల ఎండ.

ఆ తరువాత వారం ఆవిడ నన్ను వేరే పేరుతో పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు ఇక్కడ రాయను. గ్రీకు పేరు కాదని మాత్రం నాకు తెలిసింది. మొదట దిద్దాను. తరువాత ఊరుకున్నాను. పిలిస్తే పలికాను. అది నా తప్పు.

పుస్తకంలో ఒక పేజీ ఆవిడ నన్ను ఎప్పుడూ చదవనివ్వలేదు. గ్రీసు సైన్యం వచ్చి ఊరు గ్రీసులో కలిసిన అధ్యాయం అవగానే, "చాలు. మళ్ళీ మొదటి నుంచి," అనేది. మళ్ళీ గుంజలు, మళ్ళీ గుడిసెలు. ఒకరోజు ఆవిడ కునుకు తీస్తుండగా ఆ పేజీ నేనే చదువుకున్నాను. పెద్ద యుద్ధం, ఆకలి, జర్మన్ల ఆక్రమణ. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: ఊళ్ళో తరతరాలుగా బతికిన యూదులను ఆ యుద్ధంలో తరలించుకుపోయారు. వెంటనే తరువాతి వాక్యం బొచ్చు వ్యాపారం మళ్ళీ పుంజుకోవడం గురించి. పాఠం చెప్పినన్నాళ్ళూ నేనూ అలాంటి వాక్యాలు చదివి పేజీ తిప్పినదాన్నే. ఇప్పుడు ఆవిడ నన్ను పిలిచే పేరు ఎక్కడిదో అర్థమై, పుస్తకం మూసి దూరంగా పెట్టాను.

చలికాలం వచ్చాక, సరస్సు చూడాలని ఆవిడ రోజూ గొడవ చేయడం మొదలుపెట్టింది. ఇక్కడ సరస్సులేవి? ఒక శుక్రవారం ఇంజనీరు సముద్రం దగ్గరికి తీసుకెళ్దామన్నాడు. రెండు గంటల దూరంలో, ఖబూరా అనే ఊళ్ళో భాయ్‌కి తెలిసినవాళ్ళ తోట ఉంది. అక్కడి తీరం దగ్గర జనం ఉండరు, అలలు కూడా తక్కువ. నలుగురం వెళ్ళాం.

ఆ పూట సముద్రం నిజంగానే కదలకుండా ఉంది. బూడిదరంగు. చేపల పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. ఇంజనీరు, భాయ్ కారులోంచి కుర్చీ తీస్తున్నారు. ఆవిడ నా చేయి పట్టుకుని నీళ్ళ అంచు దాకా నడిచింది.

"తగ్గిపోయింది," అంది.

"ఏమిటి యాయా?"

"నీళ్ళు. చూడు, గుంజలు కనిపిస్తున్నాయి."

వలలు కట్టడానికి బెస్తవాళ్ళు పాతిన కర్రలు కొన్ని నీళ్ళలో వరసగా నిలబడి ఉన్నాయి. నల్లగా నానిపోయి ఉన్నాయి. నేనూ చూశాను. చూస్తుంటే నాకూ అవి కర్రల్లా అనిపించలేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఎవరో ఒడ్డుకేసి చూస్తున్నట్టు అనిపించింది.

ఆవిడ నా చేయి విడిపించుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడిదో. బూట్లతోనే నీళ్ళలోకి దిగింది. పిక్కల దాకా, మోకాళ్ళ దాకా వెళ్ళింది. గౌను నీళ్ళ మీద నల్లగా పరచుకుంది. ఆ పేరు పెట్టి పిలుస్తోంది. నేను వెనకే దిగి నడుము పట్టుకున్నాను. చీర కాళ్ళకు చుట్టుకోవడంతో ఇద్దరం పడబోయాం. భాయ్ పరుగెత్తుకొచ్చి ఆవిడను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తాడు.

"బెహన్, గట్టిగ పట్టుకోవాల గదా!" అని నన్ను కసిరాడు. అంతలోనే, "మీకేం గాలె గదా?" అన్నాడు.

ఇంజనీరు ఒడ్డున నిలబడిపోయి ఉన్నాడు. "ఎవరిని పిలిచింది?" అని నన్ను అడిగాడు. ఆ పేరు చెప్పాను. తనకు తెలియదన్నాడు. నిజంగానే తెలియదు, మొహంలో కనిపించింది.

రెండు రోజుల తరువాత, మధ్యాహ్నం మూడింటికి, ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి లేచింది. ముందుగది తలుపు దాకా నడిచి, తలుపుకు చెవి ఆనించింది. నేను వెళ్ళి కూర్చోబెట్టబోయాను. నా రెండు చేతులూ పట్టుకుంది. చూపు నా మొహం మీదే ఉంది.

"నువ్వు కిటికీలోంచి చేయి ఊపావు," అంది. "నేను చూశాను. మా అమ్మ నా చేయి కిందికి లాగింది. అందుకని ఊపలేదు."

తరువాత చెప్పినదంతా తడబడకుండా చెప్పింది. మతిమరుపు మనిషి చెప్పినట్టు లేదు. లోలోపల వేలసార్లు చెప్పుకున్నట్టు ఉంది.

యాయావాళ్ళవి, ఆ పేరున్న పిల్లవాళ్ళవి పక్కపక్క ఇళ్ళు. ఇద్దరికీ పదేళ్ళు. ఆ పిల్ల ఇంట్లో వేరే భాష, స్పానిష్‌లా ఉండేది. యాయాకు ఆ భాషలో అంకెలు, తిట్లు, ఒక జోలపాట వచ్చు. యుద్ధకాలంలో ఒక మార్చి నెలలో జర్మన్ సైనికులు వచ్చి యూదులందరినీ ఒక బడిలో పెట్టారు. కొన్ని రోజులకు లారీలెక్కించారు. సరస్సు చుట్టూ తిరిగే దారిలో లారీల చప్పుడు నీళ్ళ మీదుగా చాలాసేపు వినిపించింది. ఆ సాయంత్రమే ఊళ్ళోవాళ్ళు ఆ ఇళ్ళలోకి దూరారు. ఒకరు మంచం, ఒకరు అద్దం, ఒకరు తలుపులే ఊడబెరికారు.

"మా నాన్న దొంగతనం చేయలేదు," అంది యాయా. "ఇల్లు పాడవకుండా చూస్తానన్నాడు. మేము అందులోకి మారాం. మీ ఇంట్లో వెలుతురు ఎక్కువ, కుట్టుపనికి బాగుంటుందని. నీ మంచం మీద నేను పడుకున్నాను. గుమ్మం చెక్క మీద మీ నాన్న నీ పొడుగు గీసిన గీతలుండేవి. నేను వాటిని దాటి పెరిగాను."

యుద్ధం అయ్యాక ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. తండ్రి యాయాను పిలిచి, గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పమన్నాడు. ఆమె తలుపు తీయకుండా చెప్పింది. బయటినుంచి ఒక ఆడగొంతు, జలుబు చేసినట్టు బొంగురుగా, ఈమెను పేరు పెట్టి పిలిచింది. "నువ్వేనా?" అంది. ఈమె ఊపిరి బిగబట్టి నిలబడింది. అడుగుల చప్పుడు సరస్సు వైపు వెళ్ళింది. బయట వాన పడుతోంది.

"అది నువ్వేనో కాదో నాకు తెలియదు. మీ అక్కేమో. నేను తలుపు తీయలేదు," అంది. "ఇప్పుడు చెప్పు."

నా చేతులు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ మనిషి బాధ తీర్చాలని తప్ప నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు. "పోనీలే. నేనేమీ అనుకోలేదు," అన్నాను, ఆ రెండో అమ్మాయిలాగా.

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. ఆ చూపులో మెల్లగా ఏదో తేటపడింది. నా చేతులు వదిలేసింది.

"ఆమె అలా అనదు," అంది. "నువ్వెవరు?"

ఆ రోజు తరువాత యాయా నాతో మాట్లాడలేదు. పుస్తకం తెరిస్తే మొహం తిప్పుకునేది. గుడ్డపీలికలు ముట్టుకోలేదు. పక్కనే కూర్చుని ఆఖరి అధ్యాయాలు నాలో నేనే చదువుకున్నాను. ఆ పెద్ద యుద్ధం అవగానే ఆ కొండల్లోనే అన్నదమ్ముల యుద్ధం. పల్లెలు కాలిపోయాయి. పిల్లల్ని సరిహద్దులు దాటించారు. మిగిలినవాళ్ళు ఓడలెక్కి న్యూయార్కు కార్ఖానాలకు వెళ్ళారు. డబ్బు వచ్చాక పాత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టారు. ఇప్పుడు సరస్సు ఒడ్డున పర్యాటకుల కోసం ఆ పాతకాలపు గుడిసెలు మళ్ళీ కట్టారు, గుంజల మీద, గడ్డి కప్పుతో. హంసలున్నాయి. ఫోటో చాలా అందంగా ఉంది.

ఇంజనీరుకు చెప్పాలా వద్దా అని వారం రోజులు మథనపడి చివరికి చెప్పాను. ఆయన నిలబడే విన్నాడు.

"ఆ ఇల్లు మా తాత కొన్నాడు," అన్నాడు.

"అయ్యుండొచ్చు సార్. ఆవిడ చెప్పింది చెప్పాను."

"నా చిన్నతనం అంతా ఆ ఇంట్లోనే. ఆ గుమ్మం చెక్క మీద నా పొడుగు కూడా గీశారు." అంటూ ఆగిపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలుచున్నాడు. అక్కడినుంచే, "కింద ఇంకేవో పాత గీతలుండేవి. అమ్మవనుకున్నాను," అన్నాడు.

యాయా ఆ వేసవికి ముందే పోయింది. నిద్రలోనే పోయిందన్నారు. శవాన్ని ఊరికి తీసుకెళ్ళడానికి కాగితాలకే వారం పట్టింది. ఇంజనీరు వెళ్ళి మళ్ళీ రాలేదు. ఉద్యోగం మానేశాడని, ఊళ్ళో మునిసిపాలిటీ చుట్టూ పాత రిజిస్టర్ల కోసం తిరుగుతున్నాడని భాయ్‌తో ఫోనులో చెప్పాడట. దొరికాయో లేదో నాకు తెలియదు.

నాకు మాత్రం మూడింటి వేళ ఇంట్లో ఒంటరిగా ఉండడం కష్టమైంది. లిఫ్టు ఆగిన చప్పుడైతే తలుపు వైపు చూసేదాన్ని. దయ్యం భయం కాదు. మా ఇల్లు గుర్తొచ్చేది.

నేను పెరిగింది నిజామాబాద్ జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో, కమాను గుమ్మాల పెద్ద ఇంట్లో. గోడల్లో దీపం గూళ్ళు. నడవాలో పెద్ద ఇనుప కడ్డీల కిటికీ. ఊళ్ళో అందరూ దాన్ని తుర్కోళ్ళ ఇల్లు అనేవాళ్ళు. మేమూ అలాగే అనేవాళ్ళం. తుర్కోళ్ళ ఇంట్లో మేమెందుకున్నామని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా నాకు అనిపించలేదు. చరిత్ర టీచరుని.

అమ్మకు ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకే గవన్ని? ఎవరన్న ఏమన్న అన్నరా?" అంది.

"ఎవరూ అనలేదమ్మా. తాత ఆ ఇల్లు ఎట్ల తీస్కున్నడు?"

"నేను పెండ్లయి వచ్చేసరికే ఉండె. పోలీస్ యాక్షన్ అయినంక వాండ్లు పట్నం పోయిన్రట. కాయిదం ఉన్నదే. ఇనుప పెట్టెల ఉన్నది. తుర్క రాత. మనకెవ్వలకు చదవరాదు."

తనే మళ్ళీ అంది. "ఒకపారి ఒక ముసలామె వచ్చింది, మన్మణ్ణి పట్టుకోని. ఇల్లు చూస్త అన్నది. మీ నాయనమ్మ కడప మీదనే కూసోబెట్టి చాయ్ ఇచ్చింది. లోపటికి పిల్వలె. నేను ఆ తలుపెనకనే నిలవడ్డ. ఆమె సూరు దిక్కు చూసుకుంట చాయ్ తాగి పోయింది."

"నువ్వేమీ అనలేదా?"

"కొత్త కోడల్ని. నేనేమంట?" అంది అమ్మ.

ఆ కాగితాన్ని తమ్ముడితో ఫోటో తీయించి తెప్పించుకున్నాను. ఇల్లు కూల్చి షాపులు కట్టిద్దామని వాడు అప్పటికే మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. ఫోటో పంపుతూ నవ్వాడు. "అక్కా, ఇదేమన్న నిధి మ్యాపా?" అన్నాడు.

భాయ్ అప్పటికి వేరే కంపెనీలో చేరి రుస్తాఖ్ సైటుకి బండి నడుపుతున్నాడు. వారానికోసారి ఘుబ్రా వస్తాడు. ఒక శుక్రవారం మా ఇంటికి పిలిచి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఫోటోని పెద్దది చేసి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ మెల్లగా చదివాడు. చదువుతుంటే పెదవులు కదులుతున్నాయి.

"ఇది ఇల్లు అమ్మిన కాయితం కాదు బెహన్."

"మరి?"

"సామాన్లు రాసిండ్రు. మంచాలు నాలుగు. కుట్టు మిషన్ ఒకటి. రాగి దేగిసాలు. ఖురాన్ షరీఫ్ పెట్టే రేహల్. బావి బొక్కెన కూడ రాసిండ్రు చూడు." ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పైన అమానత్ అని ఉంది. అమానత్ బోలే తో, మేం మళ్ళొచ్చేదాంక దాచిపెట్టుండ్రి అని ఇచ్చింది. కింద ఇద్దరు దస్కత్ పెట్టిండ్రు. ఒకటి వాళ్ళది. ఒకటి తెలుగుల ఉంది, మీరే చదువుండ్రి."

తెలుగులో ఉన్నది మా తాత సంతకం. ఆ వంకర అక్షరాలు నాకు తెలుసు. నా పలక మీద మొదట దిద్దించింది ఆయనే.

ఆ మిషన్ నాకు గుర్తుంది. మా నాయనమ్మ దాని మీదే నాకు లంగాలు కుట్టింది.

భాయ్ ఫోన్ తిరిగి ఇచ్చాడు. కోపం లేదు, వెటకారం లేదు. మామూలుగా అన్నాడు. "పేరుంది, పట్నంల వాళ్ళు దిగే మొహల్లా పేరు కూడ ఉంది. మా ఖాలా, అమ్మ చెల్లె, ఆ దిక్కే ఉంటది. అడిగితే పిల్లలో, మన్మలో దొర్కుతరు. అడగాల్నా?"

అడగండి అని నోటి దాకా వచ్చింది. తమ్ముడు గుర్తొచ్చాడు. మేస్త్రీ గుర్తొచ్చాడు. ఈ వయసులో కోర్టులంటే అమ్మ ఏమైపోతుందో అనిపించింది. ఇవన్నీ ఒక్క ఊపిరిలో వచ్చాయి. తరువాత నా గొంతు నాకే వినిపించింది.

"ఇప్పుడే వద్దు భాయ్."

ఆయన తలూపాడు. నేను పెట్టిన చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళాడు. ఆ తరువాత కూడా శుక్రవారాలు వస్తూనే ఉన్నాడు. మా ఆయన సంగతి అడుగుతాడు, సైటు సంగతులు చెబుతాడు. కాగితం మాట మాత్రం తనంతట తాను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పోయిన నెల తమ్ముడు నడవా గోడ పడగొట్టించాడు.